ఎలుకలు గొంతుక్కూర్చుంటాయా?

మనిషి మెదడు ఎట్లా పనిచేస్తుందో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు గానీ, దాన్ని కనిపెట్టడానికి ఆఖరు తేదీ 1984 మార్చి ముప్పై ఒకటి అని పైవాళ్ళు తేల్చేశారు. ఆ మేరకు తిరుపతిలోని ఒక ఆసుపత్రికి (పేరు రాసుకోనిమ్మని అర్జీ పెట్టాను, పరిశీలనలో ఉంది) 1982లో ఒక సర్క్యులర్ వచ్చింది. నరాల విభాగంలో శిక్షణ పొందే ప్రతి డాక్టరూ ఇకమీదట శాస్త్రవేత్త కూడా కావలెను.

ఆ ఏడు శిక్షణలో ఉన్నది ఒక్కడే. తిరుచానూరు వాడు, పేరు ముకుందం. అతన్ని రెండుగా విభజించారు. వారమంతా డాక్టరు. గురువారం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం శాస్త్రవేత్త. డాక్టరుగా ఉన్నప్పుడు కొత్త ప్రశ్నలు అడగరాదు, శాస్త్రవేత్తగా ఉన్నప్పుడు రోగిని ముట్టుకోరాదు. ఈ సరిహద్దు కాపాడే బాధ్యత సెక్షన్ గుమాస్తా కల్యాణవల్లిది. ఆమె దగ్గర రెండు హాజరు పట్టీలు, ఒక బెల్లు ఉండేవి.

నవంబరులో ఒక సోమవారం పాకాల వైపు నుంచి సిద్ధమ్మ అనే కూలిమనిషి వచ్చింది. ఎడమ పాదం వేలాడిపోయింది. అడుగు తీస్తే వేళ్ళు నేలకు రాసుకుంటున్నాయి.

"పచ్చవాతమన్నారు సామీ. సూదులేసినారు, తాయెత్తు కట్టినారు. పాదం మాత్రం లేయడంలే. కుంటుకుంటా వస్తే పనిలోకి రావద్దన్నాడు మేస్త్రి."

ఇట్లాంటి పాదంతో ఆ నెలలో వచ్చిన ఐదో ఆడమనిషి ఆమె. ముకుందానికి అనుమానం వచ్చింది.

"ఏం పని చేస్తావక్కా?"

"చెనిక్కాయలు వలస్తా ఉండాం. పొద్దున గొంతుక్కూర్చుంటే పొద్దుగూకినాకనే లేసేది."

మోకాలి పక్కన బొమికను తాకుతూ పోయే నరం మీద అతను వేలితో తట్టాడు. ఆమె ఉలిక్కిపడింది.

"ఆడ జుమ్మంటాది సామీ!"

ముకుందం ఒళ్ళు కూడా జుమ్మంది. దినమంతా మోకాళ్ళు ముడుచుకుని గొంతుక్కూర్చోవడంతో ఆ నరం నలిగిపోతోంది. మరి కింద ఏదైనా వేసుకుని, కాళ్ళు చాపి కూర్చుంటే ఈ జబ్బు రాకుండా ఉంటుందా?

బెల్లు మోగింది.

"సార్, ఇప్పుడు మీరు అనుకున్నది ప్రశ్న," అంది కల్యాణవల్లి. "మొగం చూస్తేనే తెలస్తా ఉండాది. గురువారం అనుకోండి."

గురువారం అనుకున్నాడు. దరఖాస్తు మూడు ప్రతులు రాసి విభాగాధిపతి ప్రొఫెసర్ శఠగోపం దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన మంచివాడు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక పరిశోధన చేసి, ఆ అలసట నుంచి ఇంకా తేరుకోలేదు.

"తొమ్మిదో గడి ఖాళీగా ఉండాదే. ఎలుకలెన్ని?"

"ఎలుకలు లేవు సార్. ఆడవాళ్ళు."

"ఎలుకల్లేకుండా సైన్సు యాడుంది నాయనా? ముప్పై అని రాయి."

రాశాడు. రెండు నెలలకు పరిశోధనా ఉపసంఘం నుంచి తాఖీదు వచ్చింది: ఎలుకలు గొంతుక్కూర్చుంటాయా? అవి పుట్టినప్పటి నుంచీ అట్లాగే కూర్చుంటాయని ముకుందం వినయంగా జవాబు రాశాడు. ఉపసంఘం సంతృప్తి చెందింది. అయితే వాటి పాదాలు ఎందుకు వేలాడడం లేదో తెలపవలసిందిగా మరొక తాఖీదు పంపింది. దీనికి సమాధానం తెలియక అతను పశువైద్యుల అభిప్రాయం కోరాడు. ఫైలు పశువుల వైపు వెళ్ళి, ఐదు నెలలు మేసి వచ్చింది.

ఇదంతా జరగడానికి ముందే, ఆ మొదటి సోమవారమే, ముకుందం ఒక నేరం చేశాడు. సిద్ధమ్మ వెళ్ళబోతుంటే వరండా చివరిదాకా వెంట నడిచాడు.

"అక్కా, ఇది డాక్టరుగా చెప్పడం లేదు. శాస్త్రవేత్తగానూ చెప్పడం లేదు. ఊరికే చెప్తా ఉండా. ఇంక గొంతుక్కూర్చోవద్దు. కింద రెండిటికలు ఏసుకో. కాళ్ళు చాపుకుని వలువు."

"సూది లేదా?"

"లేదు."

"మాత్ర?"

"లేదు."

సిద్ధమ్మ అతన్ని జాలిగా చూసింది. "ఇంత సదువు సదివి ఇటికలు సెప్తావేం సామీ?" అంది. అయినా వెళ్ళి వేసుకుంది, ఎందుకంటే ఇటుకలకు చీటీ అక్కరలేదు. మేస్త్రి "సింహాసనాలా మీకు?" అని అరిచాడట. నాలుగు నెలలకు పాదం లేచింది. అది చూసి పక్కనున్న ఆడవాళ్ళూ, వాళ్ళను చూసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ ఇటుకలు తెచ్చుకున్నారు.

మరుసటి నవంబరులో అనుమతి వచ్చింది. ముప్పై మంది రోగులు, ముప్పై ఎలుకలు. ఎలుకలు మద్రాసు నుంచి చెప్పిన రోజుకే దిగాయి. రోగులు మాత్రం రాలేదు. వారం చూసి, ముకుందం బస్సెక్కి సిద్ధమ్మ ఊరికి పోయాడు.

చేలో నలభై మంది ఆడవాళ్ళు ఇటుకల మీద వరసగా కూర్చుని, కాళ్ళు చాపుకుని కబుర్లాడుతూ వేరుశనగ కాయలు వలుస్తున్నారు. సిద్ధమ్మ లేచి, గట్టు దాటి, చకచకా నడిచి వచ్చింది. ఆమె ఎడమ పాదం కేసే చూస్తూ అతను ఎదురు వెళ్ళాడు. చదువుకు వచ్చినప్పటి నుంచీ అంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు. తర్వాత చంకలోని ఫైలు గుర్తొచ్చింది.

"అక్కా, పాత మాదిరి గొంతుక్కూర్చునేవాళ్ళు ఎవరైనా..."

"ఎందుకు సామీ?"

"పరిశోధనకు."

"మతి పోయిందా నీకు?" అంది సిద్ధమ్మ. గుప్పెడు పచ్చి చెనిక్కాయలు అతని జేబులో పోసి, పనిలోకి వెళ్ళిపోయింది. తలవంచుకుని అతను తిరుగు బస్సు ఎక్కాడు.

ఇటుకల సంగతి చెప్పి, రోగులు లేరని రాసిచ్చాడు. పదో రోజు మెమో వచ్చింది. "పరిశోధనకు అనుమతి వెలువడక మునుపే సదరు వ్యాధిని లేకుండా చేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను."

ముకుందం నాలుగు పేజీలు రాసి చించేశాడు. సిద్ధమ్మ నడక గురించి ఏ గడిలో రాయాలో అతనికి తోచలేదు. కల్యాణవల్లి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. బెల్లు కొట్టలేదు.

"అంత రాయకూడదు సార్. 'ఇకముందు ఇట్లా జరగనివ్వను' అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. అందరూ అదే రాస్తారు."

రాసి, సంతకం పెట్టాడు. శాస్త్రవేత్తగా అతని శిక్షణ సంతృప్తికరంగా పూర్తయిందని ఆ సాయంత్రమే ధ్రువపత్రం ఇచ్చారు.