సేంద్రియానికి కరెంటు షాకు

"ఇకపై నా ప్రజల గొంతు దిగే ప్రతి చుక్కలోనూ విజ్ఞానమే!" అని నీళ్ళ మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు కొట్టాం. అర్థమేమిటని అడిగేంత అమర్యాద మా ఊళ్ళో ఎవరికీ లేదు.

నేను వాటర్ వర్క్స్‌లో పంపు ఆపరేటర్ని. మా కుళాయి నీళ్ళు టీ రంగులో వస్తాయి. రిజర్వాయర్లో కుళ్ళిన ఆకుల సారం అది; పుస్తకాల్లో దాని పేరు సహజ సేంద్రియ పదార్థం. దానికి క్లోరిన్ తగిలితే విషాలు పుడతాయని మా కెమిస్టమ్మ మూడేళ్ళు మొత్తుకుని, చివరికి తనే పట్టుబట్టి ఓ తొట్టె కట్టించింది. అందులో రెండు లోహపు పలకలు. కరెంటు పెడితే ఆ సారం విరిగిపోయి నీళ్ళు తేటపడతాయి. మొదటి గ్లాసు నాకే ఇచ్చింది. నిజం చెప్పొద్దూ, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అవి కూడా ఆ గ్లాసులో నీళ్ళంత తేటగా లేవు.

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారు కత్తెర పట్టుకుని బోర్డు చదివారు: "సహజ సేంద్రియ పదార్థాల నిర్మూలన కేంద్రం."

కత్తెర ఆగింది.

"సహజం మంచిదా, చెడ్డదా?"

"మంచిదేనండీ," అన్నాం.

"సేంద్రియం?"

"ఇంకా మంచిదండీ." కాదని ఎలా అంటాం? సేంద్రియ సేద్యం పోస్టర్లలో ఊరంతా ఆయన మొహమే.

"మరి రెండు మంచివాటికీ షాకిచ్చి చంపుతారా? ప్రతిపక్షం ఊరుకుంటుందా?"

"అయ్యా, అది ఎరువు కాదండీ, కుళ్ళు," అంది కెమిస్టమ్మ.

"చదువుకున్నదానివి! కుళ్ళితేనే కదమ్మా ఎరువయ్యేది?"

ఎంత లోతైన మాట! పి.ఏ. వెంటనే రాసుకున్నాడు.

తొట్టె ఆపేశారు. బోర్డు మారింది: "సేంద్రియ జల పథకం." అవే నీళ్ళు, అదే రంగు. రిబ్బను కత్తిరించేలోపే పథకం పూర్తిచేసిన ఘనత ఆయనదే. కెమిస్టమ్మ మొహం చూడలేకపోయాను.

ఇంట్లో మా ఆవిడ గాజు గ్లాసు కడిగి సిద్ధంగా పెట్టుకుంది. "మంచినీళ్ళు రేపట్నుంచేగా?"

"అంతకన్నా మంచివే," అన్నాను. ఆవిడ గ్లాసు తీసి అలమారలో పెట్టేసింది.

వారానికి ఆర్డరొచ్చింది: "తదుపరి పరిశీలన నిమిత్తం" తొట్టెను మంత్రిగారి బంగళాకి తరలించాలట. నేనూ కెమిస్టమ్మా వెళ్ళి వంటింటి వెనక బిగించాం. మంత్రిగారి భార్య కుళాయి తిప్పి చూసింది.

"ఇందులో ఆ సేంద్రియం ఏమన్నా మిగులుతుందా అమ్మా?"

"నలుసంత కూడా ఉండదండీ."

"హమ్మయ్య! ఇన్నాళ్ళూ ఆ నీళ్ళల్లో మా కుక్క కూడా మూతి పెట్టలేదు."