మాన్‌సింగ్‌ది ఏ వయసు?

గురువారం పొద్దుటి కోసం జమున వేసుకున్న పథకం చాలా చిన్నది. తండాలో పనిచేసేవాళ్లెవరూ ఆ ఒక్కపూట పనికి పోకూడదు. అంతే. ఇంత చిన్న పథకానికి ఇంత గోల ఎట్లా పట్టిందో తండాలో ఎవరిని అడిగినా ఈనాటికీ సరిగ్గా చెప్పలేరు.

కేసముద్రానికి కొంచెం అవతల ఉన్న రేగుచెట్టు తండాలో మిరపకాయలు ఏరే ముఠాకు జమున పెద్ద. భర్త దినేశ్ హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. పెళ్లయినప్పటి నుంచి ఆమె మొగుడి ముఖాన్ని ఫోన్‌లో చూసిందే ఎక్కువ. ఆ మధ్య మహబూబాబాద్‌లో జరిగిన మీటింగులో సర్కారు ఆఫీసరు సుజాత మేడం ఒక మాట చెప్పింది. దేశంలో పనిచేసే వయసువాళ్ల వాటా ఇప్పుడు బాగా ఎక్కువ ఉందట. ఇంకొన్నేళ్లు పోతే అది తగ్గి, ముసలివాళ్లు పెరుగుతారట. అందుకే ఉన్నప్పుడే వాళ్లకు పని చూపించాలట. పదిహేను దాటి అరవై లోపువాళ్లు ఎక్కువున్న తండాను చూసి కుట్టుమిషన్ల షెడ్డు ఇస్తారట. షెడ్డు కాపలాకు ఒక మనిషిని కూడా తీసుకుంటారట. ముందు చెప్పినదంతా ఏమోగానీ ఆ ఆఖరి మాట మాత్రం జమున చెవిలో గట్టిగా నిలిచిపోయింది.

చిక్కల్లా ఎక్కడంటే, గురువారం తండాను చూడడానికి ఆఫీసర్లు వచ్చేది పది దాటాక. మిరప కాలంలో ఆ వేళకు తండాలో ముసలివాళ్లూ పసిపిల్లలూ తప్ప ఎవరుంటారు? మేడం వచ్చి వాళ్లనే చూసిపోతే షెడ్డు ఇంకో తండాకు పోతుంది. అందుకని జమున ఇల్లిల్లూ తిరిగి, గురువారం వయసులో ఉన్నవాళ్లంతా ఉతికిన బట్టలు కట్టుకొని ఇంటి ముందే కూర్చోవాలని చెప్పి వచ్చింది. దినేశ్‌ను కూడా సెలవు పెట్టించి ముందురోజే రప్పించింది.

ఆ సాయంత్రం మామ మాన్‌సింగ్ మంచం మీద కూర్చొని, మరి తానేం చేయాలని అడిగాడు.

"నువ్వేం జేయొద్దు మామా. అరవై దాటినోళ్లది పనిజేసే వయసు గాదంట."

"నేను రోజూ మేకలు కాస్తున్న, కట్టెలు కొడుతున్న. నాది పనిజేసే వయసు ఎట్ల గాదు?"

అది సర్కారు లెక్క అని జమున సర్దిచెప్పబోయింది. దినేశ్ ఊరుకోకుండా, మేడం వచ్చే వేళకు కనపడకుండా ఎటన్నా పొమ్మని తండ్రికి సలహా ఇచ్చాడు. ముసలాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ పైకి ఏమీ అనలేదు. అప్పుడే అనుమానించాల్సింది.

ముఠాల్లో ఒక కట్టుబాటు ఉంది. రైతుకు మాట ఇచ్చాక ఎవరైనా ఆగితే ఆ ఇంటి నుంచి బదులు మనిషి పోవాలి. గురువారం రాములు తోటలో ఏరుతామని మాట ఇచ్చింది జమునే. షెడ్డు సంబరంలో ఆ సంగతే మరిచిపోయింది. మాన్‌సింగ్ మరిచిపోలేదు. తెల్లారేసరికి తన ఈడువాళ్లనందరినీ పోగుచేసి, రోడ్డు మీద ఆగిన రాములు ట్రాక్టరు ఎక్కించి, తానూ ఎక్కాడు. జమున లేచి చూస్తే తండాలో ఒక్క నెరిసిన తల లేదు. ముసలివాళ్లు అలిగి మేకల వెంట అడవికి పోయారనుకొని, ఒకందుకు మంచిదే అని సంతోషించింది కూడా.

ఎనిమిది దాటాక పక్క తండా హరిలాల్ బండి మీద అటు వచ్చాడు. మిరప ఎర్రబడి ఉన్న రోజుల్లో తండాకు తండా ఇంటి దగ్గర ఆగిందంటే ఆ ప్రాంతంలో ఎవరికైనా తోచేది ఒకటే: ఎవరో పోయారు. అందరూ ఉతికిన బట్టల్లో ఉన్నారు. హైదరాబాదులో ఉండాల్సిన దినేశ్ అరుగు మీద ఉన్నాడు. మాన్‌సింగ్ మంచం ఖాళీగా ఉంది. చావింటి ముందు బండి ఆపి ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు గనక హరిలాల్ అడగలేదు. నాలుగడుగులు ముందుకు పోయి కొత్తగూడలో ఉన్న జమున అన్న ప్రేమ్‌సింగ్‌కు ఫోన్ చేసి, మాన్‌సింగ్ పోయినట్టున్నాడని చెప్పాడు.

ప్రేమ్‌సింగ్ పూలదండ, అగరుబత్తులు పట్టుకొని చుట్టాలతో నిండిన ట్రాలీ ఆటోలో దిగాడు. ఆయనా మర్యాద తెలిసినవాడే, ఏమీ అడగకుండా నెత్తిన తువ్వాల కప్పుకొని కూర్చున్నాడు. జమునకు కళ్లనీళ్లు తిరిగాయి. తండాలో తలలు ఎక్కువ కనపడాలని అన్న తనంత తానే జనాన్ని తీసుకొచ్చాడనుకుంది పిచ్చిది. చాయ్ పెట్టించింది. చావింట్లో చాయ్ ఏమిటని ఎవరూ ముట్టలేదు. ఆడవాళ్లు మాత్రం ఆమె ఏడుపును చూసి తామూ ఏడవడం మొదలుపెట్టారు.

"ఇంక ఎంతసేపు చెల్లే?" అని ప్రేమ్‌సింగ్ మెల్లగా అడిగాడు.

"మేడం వచ్చి చూసినంకనే ఏదైనా. అప్పటిదాక ఎవ్వరు కదలొద్దన్నా."

మేడం వచ్చి చూడాలంటే అది మామూలు చావు కాదు, పోలీసుల దాకా పోయిన చావు. ప్రేమ్‌సింగ్ ఎన్నడూ లేనిది నిన్ననే ఊడిపడ్డ దినేశ్‌ను తేరిపార చూసి, లేచి పక్కకు తీసుకుపోయాడు.

"మా మామను ఏం జేసినవ్ బావా? నిజం జెప్పు."

నిన్నటి మాట ఇంత దూరం ఎట్లా పోయిందో దినేశ్‌కు అర్థం కాలేదు. "తప్పైంది బావా. ఎవరికి కనపడకుండ పో అన్న. గంతే."

ఆ మాటతో ప్రేమ్‌సింగ్ దండ లేని చేత్తో వాడి ఇస్త్రీ చొక్కా కాలరు పట్టుకున్నాడు. చుట్టాలు చెరో పక్క చేరి గుంజుతున్నారు. సరిగ్గా అప్పుడు జీపు వచ్చి ఆగింది. అందులోంచి ముందుగా దిగింది మాన్‌సింగ్.

ఏడుపులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ప్రేమ్‌సింగ్ చేతిలో దండ పట్టుకొని కొయ్యబారిపోయాడు. వెనక దిగిన సుజాత మేడం ఆ దండను తన కోసమే అనుకొని మర్యాదగా తల వంచింది. వంచిన తలను ఎంతసేపని అట్లా ఉంచుతుందని ప్రేమ్‌సింగ్ దండ వేసేశాడు. పక్కనున్న చుట్టం వెలిగించిన అగరుబత్తులను మాత్రం ఎటు చూపాలో తెలియక వెనక్కి దాచుకున్నాడు.

మేడం దారి కనుక్కోవడానికి రాములు తోట దగ్గర ఆగిందట. నెరిసిన తలలన్నీ మిరప చాళ్లలో వంగి కాయలు ఏరుతున్నాయట. మీరెవరంటే మాన్‌సింగ్ నడుం నిటారుగా పెట్టి, తామంతా రేగుచెట్టు తండాలోని పనిచేసే వయసువాళ్లమని చెప్పి, దారి చూపిస్తానని జీపెక్కాడట. అప్పటి నుంచి మేడం అయోమయంలోనే ఉంది. ఇక్కడికొచ్చాక అది రెట్టింపయింది.

"పెద్దోళ్లను ఎండల పనికి తోలి, మీరు ఇస్త్రీ బట్టలేసుకొని కొట్టుకుంటున్నరా?"

జమున అంతా చెప్పింది. చెప్పినకొద్దీ ఇంకా పాడైంది. షెడ్డు కోసమే పని మానుకున్నామంటే, పని చూపించమని పని మానుకునేవాళ్లను తన ఉద్యోగంలో చూడలేదని మేడం జీపెక్కింది. దండ తీయడం కూడా మరిచిపోయింది. జమున గడపలో కూలబడి ఏడ్చింది. షెడ్డు కోసం కాదు. రేపటి రైలుకు దినేశ్ బ్యాగు తానే సర్దాలి.

"నేను పోకపోతే రాములు దగ్గర నీ మాట పోతుండె బిడ్డా," అన్నాడు మాన్‌సింగ్ తల దించుకొని. అదీ నిజమే.

వానలు పడేనాటికి కుట్టుమిషన్ల షెడ్డు వేరే తండాకు పోయింది. రేగుచెట్టు తండాకు మాత్రం, ఇక్కడి వృద్ధుల కష్టం కళ్లారా చూశానన్న మేడం సిఫార్సుతో, వృద్ధుల విశ్రాంతి గది మంజూరైంది. మంచాలు, ఫ్యాన్లు, ఒక టీవీ, కాపలాకు ఒక మనిషి. వాచ్‌మన్ పని తెలిసినవాడు తండాలో దినేశ్ ఒక్కడే. హైదరాబాదు నుంచి వాడు పెట్టెతో సహా దిగిన రోజు జమున ముఠాలో అందరికీ మిఠాయి పంచింది.

మళ్లీ మిరప ఎర్రబడింది. దినేశ్ పొద్దున్నే గది తాళం తీసి, ఫ్యాన్లు తుడిచి, ఖాళీ మంచాలకు సాయంత్రం దాకా కాపలా కాస్తున్నాడు. మాన్‌సింగ్ కూడా ఆ గదిని చూడాలనే అనుకుంటున్నాడట గానీ, రాములు తోటలో ఏరుడు అయిపోయి తీరిక దొరికాకే వస్తానని కబురు పంపాడు.