ఎత్తు చాలని సునామీ

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు నీలాలవలస తీరానికి వచ్చిన సునామీని, ఎత్తు చాలలేదన్న కారణంతో కూర్మనాథం వెనక్కి పంపించేశాడు. సునామీ ఎదురు చెప్పలేదు. లోపాలు సరిదిద్దుకుని మధ్యాహ్నం మూడింటిలోగా మళ్లీ హాజరు కమ్మన్న కాగితం తీసుకుని, కిలోమీటరు దూరం వెనక్కి జరిగి, అక్కడే ఆగింది.

కూర్మనాథం విపత్తుల నిర్ధారణ కార్యాలయంలో తీరప్రాంత పరిశీలకుడు. ఆ కార్యాలయం ఊరికే పుట్టలేదు. సినిమాలో చూసినట్టు లేకపోతే జనం ఏ విపత్తునూ నమ్మడం లేదనీ, ఎన్ని హెచ్చరికలు చేసినా ఇళ్లలోంచి కదలడం లేదనీ ప్రభుత్వం గ్రహించింది. జనాన్ని మార్చడం కష్టం గనక, సినిమాకి తగ్గట్టు ఉండమని విపత్తులనే ఆదేశించింది. పరిశీలకుల ఉద్యోగాలు సినిమా హాళ్లలో పనిచేసినవాళ్లకే ఇచ్చారు. కూర్మనాథం ఇరవై రెండేళ్లు టెక్కలిలో ప్రొజెక్టర్ ఆపరేటరు. నగరాలను మింగే కెరటాన్ని రోజుకి నాలుగు ఆటల చొప్పున చూసినవాడు. అసలు కెరటాన్ని చూడటం మాత్రం అదే మొదటిసారి.

పరిశీలన పత్రంలో అన్నీ స్పష్టంగానే ఉన్నాయి. కెరటం కొబ్బరిచెట్టుకి నాలుగింతలు ఉండాలి. ఒడ్డుకు రాకముందు గోడలా లేచి, అందరూ తలలెత్తి చూసేంతసేపు నిలబడాలి. దాని ముందు కనీసం ఒక వాహనం పారిపోతూ ఉండాలి, అది దొరక్కూడదు. భూకంపాలకు వేరే పత్రం. నేల రెండుగా చీలాలి, ఆ చీలిక ఎవరో ఒకరిని వెంబడించాలి. కిందటేడు కొండదిగువ పేటలో పదకొండు సెకన్లు ఊగి, ఎక్కడా చీలకుండా పోయిన భూకంపాన్ని తిరస్కరించింది కూర్మనాథమే. ఆ రోజు పడిన నలభై ఇళ్లూ తమంతట తామే పడినట్టు నమోదయ్యాయి. ఇళ్లవాళ్లు కూడా పేచీ లేకుండా సంతకాలు పెట్టారు. నిజం భూకంపం అంత తొందరగా అయిపోదని వాళ్లకీ తెలుసు.

పన్నెండింటికి గనగళ్ల పోలమ్మ ఆయన గుడారంలోకి వచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. జాలరిపేట మొత్తానికీ పెద్దదిక్కు.

"బాబూ, సముద్రం ఎనక్కెల్లిపోనాది. సైరనెయ్యండి. జనాన్ని మెట్ట మీదకెక్కించాల."

"ధ్రువపత్రం లేకుండా సైరన్ మోగదమ్మా. అదింకా సునామీ కాలేదు."

"మరేటది?"

"దరఖాస్తు."

పోలమ్మ గుడారం గుడ్డ పైకెత్తి సముద్రం ఉండవలసిన చోటు చూసింది. "పేటలో రెండొందల పద్నాలుగు మందిమున్నాం. మీ ఇంటావిడ కూడా అక్కడే ఉంది, అంగన్‌వాడీ పిల్లల్తోటి. మీ దరకాస్తుకి ఆ సంగతి ఎరికేనా?"

కూర్మనాథం పెన్ను మూత పెట్టాడు. భార్య సువర్చల పేటలో ఉన్న సంగతి ఆయనకి పొద్దుటినుంచీ గుర్తుంది. కానీ పత్రంలో దానికి గడి లేదు.

"కొబ్బరిచెట్టులో సగం కూడా లేదమ్మా, నన్నేం చెయ్యమంటావు?"

"ఎత్తేటికి బాబూ? మా గెడ్డ పొంగినప్పుడు ఎత్తుగా వొచ్చి ముంచిందేటి? ఆగకుండా వొచ్చింది. అది సాల్దేటి, మనిసి పోడానికి?"

మాట తగిలింది. కూర్మనాథం చెప్పులు చేత్తో పట్టుకుని, సముద్రం ఖాళీ చేసిన నేల మీద నడవడం మొదలుపెట్టాడు. తడి ఇసుక అద్దంలా ఉంది. దాంట్లో మబ్బులు, మబ్బుల మీద ఆయన పాదాలు. ఎప్పుడో మునిగిన పడవ ఒకటి సంతకొచ్చినట్టు పక్కకి ఒరిగి కూర్చుంది. చేపలు వెండి రేకుల్లా అక్కడక్కడా మెరిసి ఆగిపోతున్నాయి. గాలి లేదు. తను నడుస్తున్నాడో, నేలే కిందనుంచి మెల్లగా వెనక్కి జరుగుతోందో ఆయనకి తెలియలేదు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే ఊరు చేతి గడియారమంత కనిపించింది.

సునామీ దగ్గరకి వెళ్లేసరికి అది తలవంచుకుని ఉంది.

"ఏమన్నా పెరిగావా?" అని అడిగాడు.

"లేదండి. గోడలా లేవడం నాకు చేతకాదు. మా వాళ్లెవరూ అలా లేవరు."

"మరి నిన్ను చూసి ఎవరు భయపడతారు?"

"ముందర ఇంతేనండి. వెనకాల చాలా ఉంది."

"వెనకాల ఉన్నది తెర మీద కనిపించదు కదా."

"అవునండి," అని ఒప్పుకుంది సునామీ.

అది ఇంకాస్త వంగితే, కూర్మనాథం మునివేళ్ల మీద లేచి దాని మీదుగా చూశాడు. నీళ్లు ఆకాశం దాకా ఒకే మట్టంలో, ఏ తొందరా లేకుండా ఉన్నాయి. చూస్తూ ఉంటే నిద్ర వస్తుంది. చివర మాత్రం ఎక్కడా కనిపించలేదు. జేబులోంచి పత్రం తీసి, అట్టడుగున ఇంతవరకూ ఏ పరిశీలకుడూ ముట్టుకోని గడిలో "ఎత్తు విషయంలో సడలింపు మంజూరు" అని రాసి సంతకం చేశాడు.

"నేను వెనక్కి చేరేదాకా ఆగుతావా?"

"మూడింటిదాకా టైమిచ్చారు కదండి."

రెండూ ఇరవైకి సైరన్ మోగింది. అంగన్‌వాడీ తప్ప పేట మొత్తం బయటికొచ్చింది. నూట తొంభై పైచిలుకు మనుషులూ చేతులు కళ్లకి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు చూశారు. తలలు ఎత్తవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

"ఇదేటి గురూ!" అన్నాడు వల బాగుచేసుకుంటున్నవాడొకడు. "అమాస పోటు దీనికంటే నయం."

సగం మంది లోపలికెళ్లిపోయారు. మిగిలినవాళ్లు బుట్టలు పట్టుకుని చేపలకి దిగారు. పోలమ్మ దొరికినవాళ్లని దొరికినట్టు రెక్కపుచ్చుకుని లాగి, పదకొండు మందిని మెట్ట ఎక్కించింది.

కూర్మనాథం అంగన్‌వాడీకి పరుగెత్తాడు. పంతొమ్మిది మంది పిల్లలు అన్నం తిని చాపల మీద నిద్రపోతున్నారు.

"ఏమిటండీ ఆ పరుగు?" అంది సువర్చల. "మీ కెరటం పాసయిందా?"

"అయింది. పిల్లల్ని లేపు. మెట్ట మీదికి పోవాలి."

"ఎంతుంటుందేమిటి?"

ఆయన అబద్ధం ఆడలేకపోయాడు. "రెండు నిలువులు."

సువర్చల నవ్వింది. "దానికి ఇంతమందినీ నిద్ర లేపమంటారా? ఒక్కడు లేచాడంటే సాయంత్రం దాకా ఏడుపే. పెద్దది వచ్చినప్పుడు చెప్పండి, చూద్దాం."

"వెనకాల చాలా ఉందట, సువర్చలా."

"ఎవరు చెప్పారు?"

"అదే చెప్పింది."

"ఇన్నేళ్లు సినిమాలు వేసి, మీరు కూడా నమ్మేశారా?"

ఆయన గుమ్మంలోకి వచ్చి చూశాడు. మూడయింది. నీళ్లు వీధిలోకి వస్తున్నాయి. మట్టిరంగులో, చీలమండల లోతున, ఎవరినీ తోసుకోకుండా వస్తున్నాయి. కొన్ని చెప్పులనీ ఒక ప్లాస్టిక్ కుర్చీనీ జాగ్రత్తగా మోసుకొస్తున్నాయి. జనం లుంగీలు పైకి కట్టుకుని దారి ఇస్తున్నారు. మెట్ట మీంచి పోలమ్మ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తోంది. తిరిగి చూసినవాళ్లు చేతులూపుతున్నారు.

చూసినకొద్దీ కూర్మనాథానికి అది నిజంలా అనిపించడం మానేసింది. పిల్లల్ని లేపాలన్న తొందర తగ్గింది. ఏమైనా అయ్యేటట్టుంటే ఇలా ఉండదు కదా అనుకున్నాడు.

నీళ్లు గడప దాటి లోపలికి వచ్చాయి. సువర్చల కొంగు నడుముకి దోపుకుని, నిద్రపోతున్న పిల్లలతో సహా మొదటి చాపని వెనక గోడ వైపు లాగడం మొదలుపెట్టింది.

"ఊరికే నిలబడకపోతే ఆ చివర పట్టుకోవచ్చుగా," అంది గొంతు తగ్గించి. "మెల్లిగా. లేస్తారు."

ఆయన వంగి, ఆ చివర పట్టుకున్నాడు.