చిలుము పళ్ళు

శనివారం పొద్దున్నే బెర్నార్డ్ థర్కెటిల్ ఒక గొప్ప పథకం వేశాడు. ఇంగ్లండులో నార్‌ఫోక్‌లోని బీట్ దుంపల పొలంలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని ఏడాదంతా తిరిగాక అతనికి రోమన్ల కాలపు రాగి నాణేలు నాలుగు దొరికాయి. వాటిని తళతళలాడించి, మధ్యాహ్నం చర్చి హాలుకొచ్చే మ్యూజియం అధికారికి చూపించాలి. పాత నాణేల్ని కడగొద్దని అతని మెటల్ డిటెక్టర్ క్లబ్బువాళ్ళు నెత్తీనోరూ కొట్టుకుని చెబుతారు. అది తెలివితక్కువ వాళ్ళకు పెట్టిన నియమమని, తనకు వర్తించదని బెర్నార్డ్ నమ్మకం.

కట్టుడు పళ్ళు కడిగే బిళ్ళ వేస్తే చిలుము ఇట్టే వదులుతుందని ఎక్కడో చదివాడు. డబ్బాలో బిళ్ళలు అయిపోయాయి. ఉన్న ఒక్కటీ అత్తగారు ఎనిడ్ గ్లాసులో, ఆవిడ పళ్ళ సెట్టుతో పాటు బుసబుస పొంగుతోంది. ఆవిడ ఇంకా నిద్ర లేవలేదు. బెర్నార్డ్ నాణేల్ని కూడా అందులోనే వేసి, టీ తాగడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. పళ్ళు అంతకన్నా పచ్చగా ఉన్నాయి. నాణేల్ని గిన్నెలు తోమే పీచుతో రుద్దితే మెరిశాయి. పళ్ళను పేస్టుతో ఎంత రుద్దినా రంగు ఇసుమంత కూడా తగ్గలేదు.

"నా పళ్ళేవయ్యా? చర్చి హాల్లో కేకుల పోటీకి జడ్జీని నేను. ఆలస్యమైతే ఎలా?" పైనుంచి అత్తగారి కేక.

కళ్ళజోడు పెట్టుకోకముందే ఆవిడ చేతికి పళ్ళిచ్చేశాడు. కారులో హితబోధ మొదలుపెట్టాడు. "అత్తయ్యా, జడ్జీలు నవ్వకూడదు. నోరు కూడా ఎక్కువ తెరవకూడదు. గౌరవం పోతుంది."

"నా గౌరవం మీద నీకెప్పట్నుంచయ్యా ఇంత శ్రద్ధ?"

హాల్లో ఎనిడ్ మూతి బిగించుకుని కేకు ముక్కలు నములుతుంటే పోటీదారుల గుండెలు జారిపోయాయి. చివరికి పాస్టరమ్మ చేసిన నిమ్మకాయ కేకు దగ్గర ఆవిడ నిగ్రహం సడలింది. "అద్భుతం!" అంటూ నోరంతా తెరిచి నవ్వింది.

బెర్నార్డ్ భార్య మావిస్ కెవ్వుమంది. "అమ్మా, నీ నోరు! ఏం కలిపారండీ ఇందులో?"

"నిమ్మకాయలే కలిపానమ్మా, ఒట్టు!" పాస్టరమ్మ ఏడుపందుకుంది. భార్య పరువు కాపాడటానికి పాస్టరుగారు మిగిలిన కేకంతా అక్కడికక్కడే తినేశారు. అంతకుముందు రుచి చూసినవాళ్ళంతా పొట్టలు పట్టుకున్నారు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు.

ఆ గొడవలోనూ బెర్నార్డ్ ఓ మూల మ్యూజియం అధికారి ముందు నాణేలు పరిచాడు. ఆమె భూతద్దం తీసింది. "వీటి మీద చక్రవర్తి ముఖం ఉండాలే?"

"ఉండేదండీ. పొద్దున వరకూ."

"దేంతో కడిగారు?"

"వాన నీళ్ళతోనే."

ఆమె తలెత్తి, ఏడుస్తున్న పాస్టరమ్మను ఓదారుస్తున్న ఎనిడ్ వైపు చూసింది. మళ్ళీ నాణేల వైపు చూసింది. "ముఖం సంగతేమో గానీ, చిలుము మాత్రం ఎక్కడుందో తెలిసిపోయింది. ముందు ఆ పళ్ళు తీసేయండమ్మా!"

హాలంతా బెర్నార్డ్ వైపు తిరిగింది. అంబులెన్సువాళ్ళు ఎనిడ్‌ను పరీక్షించి, దుక్కలా ఉందన్నారు. కేకు మొత్తం తిన్న పాస్టరుగార్ని మాత్రం ఎక్కించుకుపోయారు. మొదటి బహుమతి పాస్టరమ్మకే ఇచ్చారు. కాదనే ధైర్యం ఎవరికుంది?

అధికారి నాణేల్ని బెర్నార్డ్‌కు తిరిగిచ్చేసింది. పళ్ళను మాత్రం మెత్తటి కాగితంలో చుట్టి, అపురూపంగా పెట్టెలో పెట్టుకుంది. నాణేల్ని ఎలా కడగకూడదో జనానికి చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదంది.

ఇప్పుడవి మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాయి. ఇవి ఏ రోమన్ మహారాణి పళ్ళని బడిపిల్లలు అడిగితే, కొత్త సెట్టు పెట్టుకుని రోజూ పక్కనే నిలబడే ఎనిడ్ తనవేనని చెబుతుంది.