లాప్‌టాప్‌కి అక్షింతలు

శనివారం పొద్దున ఉదయ్ కుమార్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. పది గంటలకు పాత లాప్‌టాప్ విప్పాలి, కొత్త పార్టులు బిగించాలి, పన్నెండుకల్లా భార్య రచన చేత శభాష్ అనిపించుకోవాలి. చిక్కడపల్లిలో మూడో అంతస్తు ఇల్లు, డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి, చేతిలో స్క్రూడ్రైవర్. లోటల్లా అనుభవం ఒక్కటే.

ఆ లాప్‌టాప్ పెళ్లికి ముందు గేములాడుకోవడానికి కొన్నది. తొమ్మిదేళ్లు నిండాయి. ఈ మధ్య పది నిమిషాలకే పెనంలా కాలి ఆగిపోతోంది. సోమవారం పదింటికేమో రచనకు ఆన్‌లైన్‌లో లెక్కల డెమో క్లాసు. అది బాగా జరిగితే, పెళ్లయ్యాక మానేసిన టీచర్ ఉద్యోగం మళ్లీ దొరుకుతుంది. పాపం, కొత్త లాప్‌టాప్ కోసం ఆమె డబ్బు కూడా దాచుకుంది. మన మహానుభావుడే అడ్డుపడ్డాడు.

“కొత్తది దండుగ. దీన్నే రీబిల్డ్ చేస్త. కొత్తదాన్ని మించి ఉరుకుతది చూడు.”

“క్లాస్ నడుమ ఆగిపోతే అంతే సంగతి ఉదయ్. వాళ్లు మళ్ల పిలువరు.”

“నా మీద భరోసా లేదా?”

ఈ ప్రశ్నకు లేదు అని జవాబిచ్చి ఆ సంసారంలోనే భోజనం చేయడం కష్టం. రచన డబ్బు తీసిచ్చింది.

నారాయణగూడలో రిపేరు షాపు బాలకిషన్ ముందే చెప్పాడు. “అన్నా, ప్రాసెసర్, గ్రాఫిక్స్ బోర్డుకే అతికి ఉంటయి, అవి మారయి. ర్యామ్, డిస్క్, బ్యాటరీ మార్చుకో, వద్దంటలేను. కని ముందుగాల జర ఫ్యాన్ సాఫు చేపియ్. సగం బీమారి అదే.”

“దుమ్ము దులుపుడు గూడ ఒక రిపేరేనా అన్నా? నేను వీడియోలన్ని చూసిన,” అని నలుగురు గిరాకుల ముందు నవ్వి, పార్టులు మాత్రం కొనుక్కొచ్చాడు.

పదకొండున్నరకు అన్నీ బిగించాడు. అడుగు మూత పెట్టబోతుంటే తల్లి విద్యావతి కుంకుమ భరిణెతో వచ్చింది.

“ఆగు బిడ్డా. కొత్త సామాన్ ఏసి, బొట్టు వెట్టకుంటనే మూస్తున్నవా?”

ఆ ఇంట్లో మిక్సీకి, స్కూటర్‌కి, ఆఖరికి వాటర్ ఫిల్టర్‌కి కూడా బొట్టు పెట్టకుండా స్విచ్ వేసిన చరిత్ర లేదు. విద్యావతి ర్యామ్‌కి ఒక బొట్టు, బ్యాటరీకి ఒక బొట్టు పెట్టింది. కోడలికి నౌకరీ రావాలని కళ్లు మూసుకుని మొక్కి, గుప్పెడు అక్షింతలు చల్లింది. ఉదయ్ కుమార్ కూడా భక్తిగా నాలుగు గింజలు చల్లి, పైపైన ఊది, మూత బిగించేశాడు.

స్విచ్ వేస్తే తెర వెలిగింది. రెండు నిమిషాలకు లాప్‌టాప్ పెనంలా కాలి, తెర ఆరిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ ఆరిపోయింది. ఎనిమిదోసారీ అంతే.

“అయ్యిందా?” వంటింట్లోంచి రచన అడిగింది.

“అయ్యింది. మస్తు ఉరుకుతుంది!”

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియదు. వచ్చాక మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు.

బాలకిషన్ దగ్గరికి వెళ్లొచ్చు. కానీ ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? “మూతకు స్టిక్కర్ ఏపిచ్చుకొస్త,” అని ఇంకో అబద్ధమాడి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, బాలకిషన్ షాపు కనపడని సందులో ఇంకో దుకాణానికి వెళ్లాడు. అక్కడతను రెండు నిమిషాలు చూసి, “బోర్డు పోయినట్టుంది. పార్టుల కింద తీసుకుంట, మూడు వేలు,” అన్నాడు. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న భయంలో బేరం కూడా ఆడలేదు. ఇంట్లో మాత్రం “రేపిస్తరట” అని చెప్పాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. సరిగ్గా అదే మోడల్ పాతది ఇంకోటి కొని, అదే ఇదని ఇంట్లో పెట్టాలి. అదృష్టం బాగుండి, ఆదివారం ఫోన్‌లో ప్రకటన కనిపించింది. అశోక్‌నగర్‌లో బబ్లూ అనే అతను అమ్ముతున్నాడు. కొత్త ర్యామ్, కొత్త డిస్క్, కొత్త బ్యాటరీ, మూత మీద నల్లటి కొత్త స్టిక్కర్ కూడా ఉన్నాయి. పద్దెనిమిది వేలు.

“నిన్ననే దొరికిందన్నా,” అన్నాడు బబ్లూ. “ముందటి ఓనర్ ఎవడో పాగల్‌గాడు. కొత్త పార్టులన్ని ఏసి కొట్టుకు అమ్మేసిండు. లోపట ఎంత చెత్త ఉండెనో అడగకు. ఫ్యాన్ సాఫు చేసిన, గంతే. గుర్రం లెక్క ఉరుకుతుంది.”

“ఉంటరు భాయ్, గసొంటి పాగల్‌గాళ్లు,” అని జాలిగా తల ఊపి, ఉదయ్ కుమార్ డబ్బిచ్చేశాడు. స్కూటర్ ఇన్సూరెన్స్‌కు, పండుగ ఖర్చులకు దాచినదంతా అయిపోయింది.

సోమవారం పదింటికి రచన భిన్నాల పాఠం మొదలుపెట్టింది. కెమెరాకు కనపడకుండా తల్లీ కొడుకూ పక్కన కూర్చున్నారు. అరగంటైనా లాప్‌టాప్ ఆగలేదు. అటువైపు నుంచి ఒకావిడ, “చాలా బాగా చెప్పారండీ, ఒకటో తారీఖున చేరండి,” అంది.

రచన కళ్లనిండా నీళ్లతో మొగుడి వైపు తిరిగింది. “సారీ ఉదయ్. నిన్ను నమ్మలే. నువ్వు నిజంగనే చేసినవ్.”

చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. అతను తల దించుకున్నాడు. సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ ఫ్యాను జోరందుకుంది. లోపల టకటకమంది. పక్కనున్న చిల్లులోంచి ఏదో ఎగిరి టేబుల్ మీద పడింది. పసుపు రాసిన బియ్యపు గింజ.

“చూసినవా! నా అక్షింతలే!” అంటూ విద్యావతి దాన్ని కళ్లకద్దుకుంది. “దేవుడు లోపట్నే ఉండి నడిపిచ్చిండు.”

ఉదయ్ కుమార్ ఆ గింజ వంక చూశాడు. ర్యామ్ మీది బొట్టు, ఆగిన ఫ్యాను, బబ్లూ చెప్పిన చెత్త, పాగల్‌గాడు అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఇక దాచలేక, తల ఎత్తకుండా మొత్తం చెప్పేశాడు.

రచన మూత మీది స్టిక్కర్‌ను ఒకసారి తడిమి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. “అంటే... మన లాప్‌టాప్‌నే మనం కొన్నమా?”

“ఆఁ.”

“బాలకిషన్ అన్న చెప్పిన పనే వాడు చేసిండా?”

“ఆఁ.”

“నేను ఆ క్లాస్ కోసం రెండు రాత్రులు నిద్రపోలే ఉదయ్. అది పాడైందని ఒక్క మాట చెప్తే ఏమైతుండె?”

మొదటి జీతంతో రచన కొత్త లాప్‌టాప్ కొనుక్కుంది. పాతది ఉదయ్ కుమార్‌కు మిగిలింది. ఇప్పటికీ బాగానే నడుస్తోంది.

పాత లాప్‌టాప్‌కి కొత్త పార్టులు వేయించొచ్చా అని అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా అడిగితే, అతను నేల చూపులు చూస్తూ ఒకటే చెబుతాడు: “ఏపియ్యొచ్చు. పూజ మాత్రం మూత వెట్టినంక చేయాలె.”