నేల ఉడుత అధ్యక్షతన

అఖిల అమెరికా తెలుగు మహాసమితి అధ్యక్ష పీఠాన్ని కుమారి స్మృతి ఏకగ్రీవంగా అలంకరించారని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నామంటూ నవంబరులో ప్రకటన వెలువడింది. "నిష్పక్షపాతం, నిరాడంబరత, మితభాషణం మూర్తీభవించిన యువ నాయకురాలు" అని కింద రాశారు. అందులో ఒక్క మాటా అబద్ధం లేదు. స్మృతి మా ల్యాబ్‌లో ఉండే ఉడుత.

నేను అలాస్కాలో, ఫెయిర్‌బ్యాంక్స్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌ని. స్మృతి చెట్లెక్కే ఉడుత కాదు. టండ్రాలో, అడుగున ఎప్పటికీ కరగని నేలలో బొరియ తవ్వుకుని బతికే జాతి. వేసవి ఉన్న నాలుగు రోజులూ తిని లావెక్కి, ఆగస్టు దాటేసరికి ఉండలా చుట్టుకుని పడుకుంటుంది. ఒళ్లు సున్నా డిగ్రీల కంటే కిందికి చల్లబడినా రక్తం గడ్డకట్టదు. గుండె ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు ఒకసారి కొట్టుకుంటుంది. ఏప్రిల్ దాకా తిండి లేదు, నీళ్లు లేవు, ఎవరితోనూ మాట లేదు.

ఇదంతా నేను మహాసమితి వారి ఆన్‌లైన్ కార్యక్రమంలో చెప్పాను. నేను మాట్లాడుతున్నంతసేపూ వాళ్లూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. "ఎవరితోనూ మాట లేదు" అన్న దగ్గర మాత్రం అందరూ మ్యూట్ చేసుకుని విన్నారు.

దానికి కారణం ఉంది. బోర్డులో పదిమంది. సగం ఆష్‌బర్న్‌లో ఉండే కృష్ణమోహన్ గారి వర్గం, సగం అల్ఫారెట్టాలో ఉండే భీమశంకరం గారి వర్గం. మధ్యస్థంగా ఒకరిని అధ్యక్షులుగా పెట్టుకుందామని ఏడాదిగా వెతుకుతున్నారు. అమెరికా అంతా గాలించినా ఏ వర్గానికీ చెందని తెలుగు మనిషి దొరకలేదు. దొరికిన ఒకరిద్దరూ ఇంటిపేరు కనుక్కున్నాక చెందిపోయారు.

"ఇంతకీ ఆ ఉడుతది ఏ ఊరు?" అని అడిగారు భీమశంకరం గారు.

"టండ్రా, అంకుల్."

"అది ఏ జిల్లా కిందికి వస్తుంది?"

"అధ్యక్షులు మనిషే అయి ఉండాలని బైలాస్‌లో ఎక్కడా లేదు," అని జనరల్ సెక్రటరీ ఉమామహేశ్వరి ఆంటీ తేల్చారు. "సమితి మీద కోర్టుకెక్కి ఉండకూడదని మాత్రం ఉంది. ఆ లెక్కన మనలో ఎవరికీ అర్హత లేదు."

స్మృతి పడుకున్న కోల్డ్ రూమ్‌లో కెమెరా పెట్టాను. స్మృతి అధ్యక్షతన సమితి కొత్త శకంలోకి అడుగుపెట్టింది. ఆమె ఎవరి ఉపన్యాసానికీ అడ్డురాలేదు, ఎవరి మైకూ కట్ చేయలేదు. కృష్ణమోహన్ గారు తీర్మానం పెడితే, అధ్యక్షురాలు అభ్యంతరం చెప్పలేదు కనుక ఆమోదం. దాన్ని రద్దు చేయమని భీమశంకరం గారు తీర్మానం పెడితే, దానికీ అభ్యంతరం చెప్పలేదు కనుక అదీ ఆమోదం. ఇంత సమన్యాయం నేను మనుషుల్లో చూడలేదు.

రెండు మూడు వారాలకోసారి నేల ఉడుత తనంతట తానే వణికి వణికి ఒళ్లు వేడెక్కించుకుంటుంది. ఓ పూట అటూ ఇటూ మసలి మళ్లీ చల్లబడిపోతుంది. డిసెంబరులో ఒక మీటింగ్ మధ్య అలాగే వణికింది. "సాంస్కృతిక విభాగం నివేదిక విని అధ్యక్షురాలు కదిలిపోయారు" అని మినిట్స్‌లో రాశారు.

ఫిబ్రవరిలో చిక్కు వచ్చింది. మహాసభల కన్వీనర్ ఎవరు? కన్వీనర్ అంటే స్టేజీ మీద సినిమా తారల పక్కన కుర్చీ. ఇద్దరు నాయకులకీ ఓట్లు సగం సగం పడ్డాయి. ఈ విషయంలో అధ్యక్షురాలి మౌనం చాలదన్నారు. ఆమె కళ్లు తెరిచి ఎవరి ఫొటో వైపు ముందు చూస్తే వాళ్లే కన్వీనర్. ఇద్దరు పెద్దలూ, ఫోన్ పట్టుకుని ఉమామహేశ్వరి ఆంటీ, రెండు నిలువెత్తు ఫొటోలతో ఫెయిర్‌బ్యాంక్స్‌లో దిగారు. దిగగానే మా డీన్‌కి శాలువా కప్పారు. ఆయన ఆ శాలువాతోనే నాకు ఫోన్ చేసి, "వాళ్లు అడిగినట్టు చెయ్యి" అన్నాడు.

"లేపమ్మా," అన్నారు కృష్ణమోహన్ గారు కోల్డ్ రూమ్ తలుపు దగ్గర.

"ఈ ఏడు అసలే సన్నగా ఉండి పడుకుంది అంకుల్. బలవంతంగా లేపితే ఉన్న కొవ్వు కరిగిపోతుంది. ఏప్రిల్ దాకా బతకదు."

"పదవన్నాక కొంత త్యాగం ఉండాలి అమ్మాయ్," అన్నారు భీమశంకరం గారు.

"చచ్చిపోతుంది అంకుల్."

"సంతాప సభ ఘనంగా చేద్దాం."

"దానికి కన్వీనర్ ఎవరు?" అన్నారు కృష్ణమోహన్ గారు వెంటనే.

నేను తలుపు పిడి మీద చెయ్యి వేశాను. వేసి, ఆగాను.

"ఒక్క మాట అంకుల్. నేల ఉడుతలకి కొత్త మొహం కనిపిస్తే శత్రువనుకుంటాయి. వెనక కాళ్ల మీద నిలబడి కీచుమని అరుస్తాయి. ముందు ఎవరు లోపలికి వెళ్తే వాళ్లని చూసి అరుస్తుంది."

ఇద్దరూ ఆంటీ వైపు తిరిగారు.

"లైవ్‌లో ఉన్నామా?"

"మూడు ఛానళ్లలో," అన్నారు ఆంటీ.

"మీరు పెద్దవారు, ముందు మీరు పదండి," అన్నారు కృష్ణమోహన్ గారు.

"అబ్బే, తమరు మాజీ అధ్యక్షులు. తమరి తర్వాతే నేను."

"మీ ముందు నేనెంత అన్నా!"

"అంత మాటనకు తమ్ముడూ!"

సమితి పుట్టాక వాళ్లు ఒకరినొకరు ఇంతగా గౌరవించుకోవడం అదే మొదలట. ఆ గౌరవం ఫ్లైట్ టైమ్ దాకా సాగింది. అధ్యక్షురాలి ఆరోగ్యం దృష్ట్యా ఆమెను లేపరాదనీ, ఇద్దరూ కో-కన్వీనర్లుగా ఉండాలనీ తలుపు బయటే తీర్మానించారు. తలుపుకి ఒక శాలువా కప్పి వెళ్లారు.

ఏప్రిల్ చివర్లో స్మృతి లేచింది. బక్కచిక్కి, చర్మం వేలాడుతూ ఉంది. క్యారట్ ముక్కను రెండు చేతులతో పట్టుకుని, ఇదేమిటో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు చూసి, తర్వాత గబగబా కొరికింది. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

సాయంత్రం బోర్డు మీటింగ్. కృష్ణమోహన్ గారు తీర్మానం చదవడం మొదలుపెట్టారు. స్మృతి కెమెరా వైపు తిరిగి కిచకిచమంది.

ఆయన ఆగారు. "ఏమంటుందమ్మా?"

"తెలీదు అంకుల్. ఏదో అంటోంది."

ఆయన మళ్లీ చదివారు. అది మళ్లీ కిచకిచమంది. భీమశంకరం గారు తన తీర్మానం చదివారు. దానికీ కిచకిచమంది.

పది చేతులూ ఒకేసారి లేచాయి. ఆమెను ఎన్నుకున్నాక సమితిలో మళ్లీ అదే ఏకాభిప్రాయం. సంప్రదాయ విరుద్ధంగా ప్రవర్తించినందుకు కుమారి స్మృతిని పదవి నుంచి తొలగిస్తున్నట్టు ఉమామహేశ్వరి ఆంటీ గద్గద స్వరంతో చదివారు. స్మృతి ఇంకో క్యారట్ ముక్క అందుకుంది.

ఒక్కొక్కరే లాగాఫ్ అయ్యారు. భీమశంకరం గారు మాత్రం మిగిలారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మాయ్, ఇంకా లేవనిది ఏదైనా ఉందా అక్కడ?"