పచ్చికాయల మాస్టారు

ఆ రోజు ఎవరినీ తిట్టకూడదని నిర్ణయించుకుని నిద్ర లేచాడు సైలస్ మాస్టారు.

"ఏటండీ, అద్దం ముందు ఒక్కరూ నవ్వుకుంటన్నారు?" అంది భార్య సుజానా.

"ప్రాక్టీసు చేస్తన్నాను."

అరకు లోయలోని ఆ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో అతను ఎకనామిక్స్ కాంట్రాక్టు లెక్చరరు. కాంట్రాక్టు ఏటేటా రెన్యువల్ కావాలి. రెండువేల మూడు డిసెంబరులో పైనుంచి కొత్త నిబంధన వచ్చింది: రెన్యువల్ ముందు పిల్లల అభిప్రాయం కూడా తీసుకోవాలట. కాగితం మీద రాయిస్తే చేతిరాత గుర్తుపట్టి కక్ష కడతారని ప్రిన్సిపాల్ వరహాలరావు ఒక ఉపాయం కనిపెట్టారు. కాలేజీ వెనక తోటలో కాఫీ కోతకొచ్చి ఉంది. లెక్చరరుకో పాలడబ్బా, మూతకి చిల్లు. మాస్టారు మంచివారైతే ఎర్రటి పండు వెయ్యాలి, కాకపోతే పచ్చికాయ. సరదాకి తన పేరుతోనూ ఒక డబ్బా పెట్టించుకున్నారు. విశాఖపట్నం బదిలీ కోసం మూడేళ్లుగా అర్జీలు పెడుతున్న మనిషి, పిల్లల మెప్పు అక్కరకొస్తుందనుకున్నారు.

సైలస్‌కి గుబులు పట్టుకుంది. డబ్బాలు పెట్టేది ఆ రోజే. ఆలస్యంగా వచ్చినవాళ్లని గుమ్మంలో నిలబెట్టేవాడు. లెక్క తప్పితే నోటికొచ్చినట్టు తిట్టేవాడు. అర్థంకాని వాళ్లని సాయంత్రం కూర్చోబెట్టి మళ్లీ చెప్పేవాడు గానీ, అది డబ్బాలో పడుతుందన్న నమ్మకం లేదు. అందుకని బూందీ పొట్లాలు కట్టించాడు.

"దాన్ని లంచమంటారండీ," అంది సుజానా.

"లంచం కాదు, ప్రేమ."

"ఆరేళ్లుగా లేని ప్రేమ ఇయ్యాలే పుట్టిందేటి?"

సైలస్ పొట్లాలు సంచిలో సర్దుకున్నాడు.

క్లాసులో పాఠం చెప్పలేదు. నవ్వుతూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి పొట్లం చేతిలో పెట్టాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ముందు బెంచీలో కూర్చునే కనక మెల్లిగా లేచింది.

"సార్, ఒంట్లో బాగోలేదేటండీ?"

"బాగానే ఉంది తల్లీ."

తల్లీ అనేసరికి ఆ పిల్ల మొహం పాలిపోయింది. వెనక బెంచీలో ఎవరో "అయిపోనాది" అన్నారు. ఇంకెవరో కళ్లు తుడుచుకున్నారు. తన నవ్వు గుండెల్ని కరిగించిందనుకుని సైలస్ మరో అడుగు వేశాడు.

"నన్ను గుర్తుపెట్టుకోండర్రా," అన్నాడు. డబ్బాల దగ్గర గుర్తుపెట్టుకోమని అతని ఉద్దేశం.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో డబ్బాలు విప్పారు. మొదట పొలిటికల్ సైన్సు రవిబాబుది. అతను విశాఖ నుంచి పొద్దుటి రైలుకి వచ్చి, మధ్యాహ్నం రైలుకి పోయే మనిషి. వచ్చిన రోజుల్లో కూడా పాఠంకంటే గడియారాన్నే ఎక్కువ చూసేవాడు. అతని డబ్బా నిండా ఎర్రటి పండ్లు. ప్రిన్సిపాల్ గారి డబ్బాలో సగం పండ్లు, సగం కాయలు. "సమతూకం" అని ఆయన సర్దుకున్నారు. సైలస్ డబ్బా బోర్లించారు. బల్లంతా పచ్చికాయలే. సైలస్ వేళ్లతో కెలికి చూశాడు. ఒక్క పండు లేదు.

"బూందీలో పంచదార తగ్గిందేమో గురువుగారూ," అన్నాడు రవిబాబు.

"నన్నేం చెయ్యమంటారు సైలస్ గారూ? పిల్లల మాట ఇది," అన్నారు ప్రిన్సిపాల్. రిపోర్టు రాసి, ఎలాగూ విశాఖ పోతున్నాడు గదా, పై ఆఫీసులో ఇచ్చేస్తాడని రవిబాబు చేతికే ఇచ్చి రైలుకి పంపించారు.

సైలస్ కాళ్లు వాటంతటవే క్లాసువైపు నడిచాయి.

"మీకు చదువెందుకర్రా!" అని అరిచాడు. "మీ బతుకులింతే. మీ బుద్ధులు కొండ దిగవు. నా బూందీ తిని నాకే..."

"తిన్లేదు సార్," అంది కనక.

కిటికీ గట్టు మీద పొట్లాలన్నీ వరసగా ఉన్నాయి. కట్టిన దారం కట్టినట్టే ఉంది.

"మన కాలేజీలో ఎల్లిపోయే సార్లే కదండీ బూందీ పంచుతారు? మీకు బదిలీ వచ్చేసిందనుకున్నాం. తింటే ఒప్పుకున్నట్టౌతాదని తిన్లేదు."

"మరి కాయలెందుకేశారే?"

"మంచోరని పేరొత్తే కిందకి అట్టుకుపోతారు కదండీ. కెమిస్ట్రీ సార్ మంచోరని అందరం సంతకాలెట్టి ఇచ్చేం. ఆర్నెల్లలో వైజాగు ఎల్లిపోనారు. మా తోటలోనూ అంతే సార్. పండినోటిని కోసి కొండ దింపేత్తాం. పచ్చివి సెట్టునే ఉంటాయి."

"రవిబాబు గారికి పండ్లెందుకేశారు?"

"ఆరిని బేగి అంపేద్దామని."

ఎవరో కిసుక్కుమన్నారు. సైలస్ నవ్వలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లని తాను నిలబెట్టే గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. బుద్ధులు కొండ దిగవన్న మాట ఇంకా ఆ గదిలోనే ఉన్నట్టుంది. దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో అతనికి తెలియలేదు.

క్లాసు విడిచాక ప్రిన్సిపాల్ గదికెళ్లి, బూందీ లంచమనే పంచానని, పిల్లల తప్పేమీ లేదని ఒప్పుకున్నాడు. ఆయన గడియారం వంక చూశారు. అప్పటికి రిపోర్టుతో రైలు బొర్రా గుహలు దాటిపోయి ఉంటుంది.

పైనుంచి ఉత్తర్వులొచ్చేదాకా పదిహేను రోజులూ సైలస్ కనక వంక చూడకుండా పాఠం చెప్పాడు. ఇంట్లో సుజానా బూందీ ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదనిపించింది.

ఉత్తర్వులు వచ్చాయి. విద్యార్థుల్లో ఇంతటి ఆదరణగల రవిబాబు సేవలు నగరానికి అవసరమని అతన్ని విశాఖ కాలేజీకి మార్చారు. సైలస్‌ని మరో చోటికి పంపడం తగదని, కొండెక్కి రావడానికి వేరెవరూ సిద్ధంగా లేరు గనక, మెరుగుపడేదాకా ఉన్నచోటే కొనసాగించాలని రాశారు.

"సెప్పేం కదా సార్," అంది కనక.

క్షమించమని అడగాలనే సైలస్ నోరు తెరిచాడు. బయటికొచ్చిన మాట వేరు. "ఏటా చూపులు? పుస్తకాలు తియ్యండి, దద్దమ్మల్లారా!"

క్లాసంతా ఊపిరి పీల్చుకుంది. అతను బోర్డువైపు తిరిగి, అక్కరలేకపోయినా చాలాసేపు దాన్ని తుడుస్తూ ఉండిపోయాడు.

సగం పండ్లు, సగం కాయలు పడిన ప్రిన్సిపాల్ గారికి ఆ వేసవిలో బదిలీ వచ్చింది గానీ, ఘాటు దిగువన ఎస్.కోట దాకానే వచ్చింది.